అయోవా పాస్టరమ్మ డైరీలు ఎత్తిరాశాను: నా అనుభవం

గత వారం ఆఖరి పెట్టె తిరిగి అప్పగించేశాను. ఇన్నాళ్లూ నేను చేసిన పనేమిటని మా డెమోయిన్ (అమెరికాలో అయోవా రాష్ట్ర రాజధాని) తెలుగువాళ్లలో చాలామంది అడుగుతున్నారు. ముఖ్యంగా హెచ్4 మీద, అంటే భర్త ఉద్యోగ వీసా వల్ల వచ్చే వీసా మీద ఇంట్లో ఉంటూ ఏదో ఒకటి చేయాలనుకునే ఆడవాళ్లు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఒకచోట రాసేస్తే నయమనిపించింది.

మా ఇంటికి గంట దూరంలో ఒక కౌంటీ చరిత్ర సంఘం ఉంది. వాళ్ల దగ్గర ఒక పల్లెటూరి బాప్టిస్టు పాస్టర్ కుటుంబం కాగితాలున్నాయి. పాస్టరమ్మ రాసుకున్న రెండు డైరీలు, ఆవిడ ఇంటి లెక్కల పుస్తకం, చర్చి కోశాధికారి లెక్కల పుస్తకం, కొన్ని ఉత్తరాలు. అన్నీ 1910 నుంచి 1919 వరకు. వాటిని చదివి కంప్యూటర్లోకి ఎక్కించాలి. కుటుంబం పేరు, ఊళ్ల పేర్లు ఇక్కడ రాయను. ఆవిడ మునిమనవలు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉన్నారు, వాళ్ల అనుమతి పూర్తిగా రాలేదు.

జనవరి మొదట్లో ఫారం నింపి పంపాను. ఫిబ్రవరి సగం దాకా ఉలుకూ పలుకూ లేదు. ఇక రాదనుకున్నాక ఒక మెయిల్ వచ్చింది, మన గురించి చెప్పగలిగేవాళ్లు ఇద్దరి పేర్లు ఇవ్వమని. వీసా విషయంలో నాకు టెన్షన్. మా లాయర్‌ని అడిగితే, మామూలుగా వాలంటీర్లే చేసే పని, జీతం లేనిది అయితే పర్లేదన్నారు. పెట్రోలు డబ్బులు ఇస్తామన్నా నేను తీసుకోలేదు, ఎందుకొచ్చిన గొడవని. మార్చిలో ఒక పూట శిక్షణ ఇచ్చారు. పెన్ను లోపలికి తేకూడదు, పెన్సిలే. హ్యాండ్‌బ్యాగ్ బయట బీరువాలో పెట్టాలి. సినిమాల్లో చూపించినట్టు తెల్ల గ్లౌజులు ఇస్తారనుకుంటే అదేం లేదు, చేతులు శుభ్రంగా కడుక్కుని తుడుచుకుంటే చాలు. గ్లౌజులు వేసుకుంటేనే కాగితం చిరుగుతుందట. చేతులకి క్రీము మాత్రం రాసుకోకూడదు. అయోవా చలికాలంలో అది చిన్న కష్టం కాదు. కాగితాల కోసం గది చల్లగా ఉంచుతారు, ఎండాకాలంలో కూడా శాలువా తీసుకెళ్లండి.

నా ఖర్చంటే పెట్రోలు, భూతద్దం ఉన్న ఒక టేబుల్ లైటు, మధ్యాహ్నం కాఫీ. అంతే. కాలం మాత్రం బాగా పడుతుంది. మొదట్లో ఒక్క పేజీకి పూటంతా పట్టేది. ఆ కలిపి రాత, అందులో సగం పెన్సిల్‌తో. ఫ్లాష్ లేకుండా ఫోన్లో ఫొటో తీసి పెద్దది చేసుకుంటే అరిగిపోయిన అక్షరాలు తేలతాయి. పైకి చదివితే ఇంకా సులువు, పక్కన ఎవరూ లేకపోతే.

ఇప్పుడు అసలు సంగతి. ఆవిడవి అయిదేళ్ల డైరీలు. ఆ రోజుల్లో అలాంటివి దొరికేవి. ఒక్కో పేజీ ఒక్కో తేదీకి, ఆ పేజీలో అయిదు గడులు, ఒక్కో ఏడాదికి ఒక గడి. మొదటి పుస్తకం 1910 నుంచి 1914 వరకు. అంటే జనవరి 1 పేజీ తెరిస్తే అయిదు జనవరి ఒకట్లు ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. పేజీ వరసలోనే ఎత్తిరాయాలన్నది నియమం. కాబట్టి కథ వరసగా రాదు. ఫలితం ముందు తెలుస్తుంది, జరిగింది ఎప్పటికో తెలుస్తుంది. దీని వల్ల పడ్డ బాధ తర్వాత చెప్తాను.

జనవరి పేజీలన్నీ చలి, ఉజ్జీవ కూటాలు, అంటే భక్తిని మళ్లీ రగిలించడానికి వరసగా పెట్టే సభలు. పొలం పనులు ఉండవు కాబట్టి కూటాలు ఎప్పుడూ చలికాలంలోనే పెట్టేవాళ్లు. బయటి నుంచి సువార్తికుడు వస్తాడు, రెండు మూడు వారాలు పాస్టర్ ఇంట్లోనే మకాం. ఆయనకి మూడు పూటలా వంట, బట్టలు ఉతకడం, గదిలో పొయ్యి వెలిగించడం ఈవిడ పని. కూటాల కానుకంతా ఆయనకే వెళ్తుంది. అయ్యాక బాప్తిస్మాలు. పల్లె చర్చిలో తొట్టి లేదు, వాగులో మంచు పగలగొట్టి ఇచ్చేవాళ్లు. ఆ రోజు ఆవిడ రాసింది ఇదీ: ‘ఏడుగురు. ఇటుకలు కాల్చి దుప్పట్లలో చుట్టాను. తడి అంగీలు ఆరలేదు.’ ఆత్మల రక్షణ గురించి వాళ్లాయన ఉత్తరాల్లో పేజీలు పేజీలు ఉంది. అంగీలు ఎవరు ఆరబెట్టారన్నది ఈవిడ దగ్గర మాత్రమే ఉంది.

1912 జనవరి అయితే చేతులు కొంకర్లు పోతూ చదివాను. ఆ నెల 12న అయోవాలోని వాష్టాలో మైనస్ 47 ఫారన్‌హీట్ నమోదైంది, ఈ రాష్ట్రంలో అంత చలి అంతకుముందు లేదు. ఆ పేజీ పెన్సిల్‌తో ఉంది, సిరా గడ్డకట్టిందని రాసింది. బొగ్గు కొనడానికి డబ్బు లేక మొక్కజొన్న బెండ్లు కాల్చారు. పిల్లలందరినీ వంటింట్లో ఒకే పరుపు మీద పడుకోబెట్టింది. ఆ ఆదివారం ఆరాధనకి వచ్చింది అయిదుగురు, కానుక 40 సెంట్లు.

డబ్బు సంగతి ఇక్కడే చెప్పాలి, లేకపోతే మిగిలింది అర్థం కాదు. పాస్టర్‌కి ఒప్పుకున్న జీతం ఏడాదికి 600 డాలర్లు, ఇల్లు ఉచితం. 1906లో అమెరికా ప్రభుత్వం తీసిన మత సంస్థల లెక్కల్లో పాస్టర్ల సగటు జీతం 663 డాలర్లని ఉంది కాబట్టి మరీ తక్కువేం కాదు. అయితే అది కాగితం మీద. చర్చి సంఘంలో ఒక్కో కుటుంబం ఏడాదికి ఇంత ఇస్తామని చందా కాగితం మీద సంతకం పెడుతుంది. ఇచ్చేటప్పుడు మాత్రం డబ్బు రాదు. గడ్డి వస్తుంది, బెండ్లు వస్తాయి, పంది కోసిన ఇంటి నుంచి పక్కటెముకల మాంసం వస్తుంది. అదీ ఒకే వారంలో నాలుగిళ్ల నుంచి! కోశాధికారి దానికో వెల కట్టి, జీతంలో అంత ముట్టిందని రాసుకుంటాడు. ఆయన పుస్తకంలో ‘గడ్డి ఒక బండి, 4 డాలర్లు’ అని ఉంటే, ఈవిడ తన పుస్తకంలో అదే తేదీకి ‘3 కూడా చేయదు, సగం తడి’ అని రాసుకుంది. ఈ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదవడం నాకు బాగా నచ్చింది. భార్యాభర్తల గొడవ కాదు, అత్తాకోడళ్ల గొడవ కాదు, ఎప్పుడూ ఎదురుపడి ఒక్క మాట అనుకోని ఇద్దరి గొడవ.

చేతిలో ఆడే డబ్బు మూడు దారుల్లో వచ్చేది. పెళ్లిళ్లకి ఇచ్చే కానుక, అది పాస్టరమ్మకే చెందడం ఆనవాయితీ. వెన్న. కోడిగుడ్లు. గుడ్లు డజను 15 సెంట్లు, మంచి రోజుల్లో 20. పిల్లల బూట్లు, కిరసనాయిలు, తపాలా బిళ్లలు అన్నీ గుడ్ల డబ్బే. పిండి సంచుల గుడ్డతో లోపలి బట్టలు కుట్టేది.

ఏప్రిల్‌లో నా పని కాస్త వేగం అందుకుంది. ఆవిడ వారం నాకు కంఠతా వచ్చేసింది. సోమవారం ఉతుకు, మంగళవారం ఇస్త్రీ, బుధవారం సాయంత్రం ప్రార్థన కూడిక, శనివారం రొట్టెలు కాల్చడం, అందరికీ స్నానాలు, ఆదివారం తిండి ముందే వండి పెట్టడం. ఆదివారం పొద్దున ఊరి చర్చి, మధ్యాహ్నం బండి కట్టుకుని ఏడు మైళ్లు పోయి పల్లె చర్చి. మార్చి, ఏప్రిల్ పేజీల్లో బురదే బురద. అయోవా నల్లమట్టి తడిస్తే చక్రం కదలదు. ‘నాలుగింటికి బయల్దేరారు, తొమ్మిదింటికి ఇంటికి చేరారు’ అని ఉంటుంది, అంతే.

పాస్టర్ ఇల్లు సంఘానిది కాబట్టి గోడ మీద కాగితం మార్చాలన్నా సంఘం ఓటు వేయాలి. ముందుగది కాగితం చినిగి వేలాడుతోందని 1910 మేలో రాసింది. అదే పేజీల్లో తోకచుక్క గురించి ఒక్క ముక్క ఉంది, ‘తోకచుక్క చూశాం, పిల్లలు భయపడ్డారు’ అని. గోడ కాగితం గురించి మాత్రం పదిసార్లు ఉంది. స్త్రీల సమాజం వాళ్లు కోడిమాంసం విందు పెట్టి టికెట్లు అమ్మి డబ్బు పోగుచేశారు. రంగు ఎంచడానికి ముగ్గురితో కమిటీ. కాగితం అంటించింది 1911 అక్టోబర్లో. రంగు ఈవిడకి నచ్చలేదు. ఆ సంగతి డైరీకి తప్ప ఎవరికీ చెప్పినట్టు లేదు.

ఇదంతా చదువుతుంటే మా నానమ్మ గుర్తొచ్చేది. మాది ప్రకాశం జిల్లా. తాతయ్య పల్లెటూరి పాస్టర్, ఊరంతా ఆయన్ని అయ్యగారు అనేవాళ్లు, నానమ్మని అమ్మగారు. ఆడవాళ్లు వండేటప్పుడల్లా పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టి ఆదివారం తెచ్చేవాళ్లు. వంకాయలు, చింతపండు, ఒక్కోసారి కోడి. రకరకాల బియ్యం కలిసిపోయి అన్నం ఒక మెతుకు ఉడికి, ఒక మెతుకు ఉడక్కుండా ఉండేదని నాన్న నవ్వుతూ చెప్తారు. కానీ దానికి ఎవరూ వెల కట్టి జీతంలో కోయలేదు. జీతం సరిగ్గా రాకపోవడం వేరే సంగతి. నానమ్మ కొత్త చీర కట్టుకుంటే ‘ఎక్కడిది’ అని అడిగేవాళ్లు. ఈవిడ టోపీకి కొత్త రిబ్బను కుడితే పార్టీ లైన్ ఫోన్లో ఆ సాయంత్రానికే అందరికీ తెలిసిపోయింది. ఆ రోజుల్లో ఒకే తీగ మీద పదిళ్లు, ఎవరికి ఫోన్ వచ్చినా అందరూ ఎత్తి వినొచ్చు.

ఇక ఆ బాధ సంగతి. 1911 జనవరి గడిలో ‘పాప పుట్టింది, ఎనిమిది పౌండ్లు’ అని ఉంది. అదే పేజీల్లో దాని కింద 1912 గడి. మంచు రాత్రి వంటింట్లో పడుకోబెట్టిన పిల్లల పేర్ల మొదటి అక్షరాలు రాసింది. మూడే ఉన్నాయి, నాలుగో అక్షరం లేదు. అంటే ఏప్రిల్ నాటికే నాకు తెలిసిపోయింది. ఎప్పుడన్నది మాత్రం తెలియదు. ఆ తర్వాత ప్రతి పేజీలో ముందు 1911 గడి చూసేదాన్ని. పన్ను వచ్చింది. కూర్చుంది. మే పేజీల్లో ఆ పిల్ల నవ్వుతోంది, ఆ కింద గడిలో ఆ పిల్ల లేదు. కొన్ని రోజులు వెళ్లాలనిపించేది కాదు. మా సమన్వయకర్తకి చెప్తే, కావాలంటే ఆ పేజీలు ఇంకొకరికి ఇస్తానంది. ఆవిడ చెప్పింది, ఇలాంటి పెట్టెలు చేసేవాళ్లు చాలామంది మధ్యలో ఆగిపోతారట. నేను ఇవ్వనన్నాను. ఎందుకో నాకూ సరిగా తెలియదు.

జూలైలో వచ్చింది. ఎండాకాలపు విరేచనాలు, ఆ కాలంలో పసిపిల్లల్ని ఎక్కువగా తీసుకుపోయిన జబ్బు. అయిదు రోజులు. ‘బార్లీ నీళ్లు నిలవలేదు.’ ‘డాక్టర్ రెండుసార్లు.’ తర్వాత రెండు వారాలు 1911 గడులు ఖాళీ. పక్క ఏళ్ల గడుల్లో మాత్రం చెర్రీలు, ఉతుకు, ఆదివారం స్కూలు పిక్నిక్. ఖాళీ గడిని కూడా ‘ఖాళీ’ అని టైపు చేయాలి, అదీ నియమమే.

ఆగస్టులో కోశాధికారి పుస్తకం అందుకున్నాను. 1911 జూలై కింద ఒక వరస ఉంది. ఊళ్లో సామాన్ల దుకాణం ఉన్న సంఘపెద్దే శవపేటికలు కూడా అమ్మేవాడు. పాప పేటిక ఖరీదు ఆయన ఆ ఏడాది ఇవ్వాల్సిన చందాలో జమ వేసుకున్నాడు. అంటే జీతంలో అంత ముట్టినట్టు. నేను లేచి వెళ్లి కారులో కూర్చున్నాను. ఇంటికొచ్చి మా ఆయనకి చెప్తే, ‘చేతిలో డబ్బు లేని మనుషుల్ని రొక్కం అడక్కుండా అలా సర్దాడేమో, సాయమే చేశాడేమో’ అన్నారు. కావచ్చు. ఆవిడ లెక్కల పుస్తకంలో ఆ తేదీకి ఏమీ లేదు. గడ్డి తడిసిందని రాసిన మనిషి దీని గురించి ఒక్క ముక్క రాయలేదు. సాయమనుకుందో ఏమో.

శరదృతువు పేజీలు కాస్త ఊపిరి తీసుకోనిచ్చాయి. సీసాల్లో పళ్లు, కూరలు పెట్టుకోవడం, ఎన్ని సీసాలో లెక్క. నవంబర్లో పౌండ్ పార్టీ. సంఘమంతా ఒక సాయంత్రం చెప్పాపెట్టకుండా దిగిపోతుంది, ఒక్కొక్కరు ఒక్కో పౌండు చక్కెరో కాఫీయో బీన్సో పట్టుకుని. కుర్చీలు చాలవు, బూట్ల బురద, తెచ్చిన కేకులు వాళ్లే తినేసి పోతారు. చదవడానికి సరదాగా ఉంటుంది. మర్నాడు కోశాధికారి మొత్తం విలువ 31 డాలర్లని రాశాడు. ఎక్కడ జమ అయ్యిందో మీకు తెలుసు.

డిసెంబర్ పేజీలకి వచ్చేసరికి అక్టోబర్ అయింది. 1910 గడిలో ఒక గురువారం ఇలా ఉంది: ‘సమాజం మా ఇంట్లో. తెలుగుల మీద పాఠం. డాక్టర్ క్లౌ చనిపోయారట. 11 మంది వచ్చారు. కానుక 1 డాలరు 35 సెంట్లు, ఒంగోలుకి.’

రెండుసార్లు చదివాను. పక్క బల్ల దగ్గర ఉన్న పెద్దాయన్ని పిలిచి చూపించాను, మాది ఆ ఊరేనని చెప్పాను. ఆయనకి నేను ఏమంటున్నానో అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది.

ఒంగోలు వైపు వాళ్లకి క్లౌ దొర గురించి వేరే చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకి: జాన్ ఎవరెట్ క్లౌ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ, చదువుకున్నది ఇక్కడే, అయోవాలో. 1866లో ఒంగోలు వచ్చి స్థిరపడ్డారు. 1876 నుంచి 78 వరకు వచ్చిన కరువులో బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్లు తవ్వే కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మాలు. ఈ అంకె మా ఇళ్లలో పిల్లలకి కూడా తెలుసు. క్లౌ పోయింది 1910 నవంబర్లో. అంటే కబురు ఈ పల్లెకి చేరడానికి ఎక్కువ రోజులు పట్టలేదు.

నాన్న చదివింది ఒంగోలు ఎ.బి.ఎం. (అమెరికన్ బాప్టిస్ట్ మిషన్) స్కూల్లో. ఆ మిషన్ డబ్బంటే నా మనసులో పెద్ద పెద్ద కోటుల వాళ్లు, బ్యాంకు చెక్కులు ఉండేవి. ఆవిడ లెక్కల పుస్తకంలో ఆ గురువారం తేదీ తీశాను. ‘కానుక 10 సెంట్లు, గుడ్ల నుంచి.’ ఆ నెలకి సంఘం వాళ్లకి ఇవ్వాల్సిన జీతం బాకీ 74 డాలర్లు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి నాన్నకి ఫోన్ చేశాను, ఇండియాలో తెల్లవారుజాము. ఆయన ముందు అడిగింది ‘డజను ఎంతన్నావు?’ అని. లెక్క వేసి, ‘అయితే ఎనిమిది గుడ్లు’ అన్నారు.

1914 గురించి త్వరగా చెప్పేస్తాను. బాప్టిస్టుల్లో పాస్టర్‌ని పైనుంచి ఎవరూ బదిలీ చేయరు, సంఘమే పిలుచుకుంటుంది, సంఘమే వద్దంటుంది. మార్చిలో ఈయన్ని ఉంచాలా వద్దా అని ఓటు పెడితే అటూ ఇటూ దాదాపు సమానంగా వచ్చాయి, ఈయన రాజీనామా ఇచ్చారు. ఆగస్టు దాకా ఉద్యోగం లేదు. మూడు ఊళ్లకి వెళ్లి పరీక్షగా ప్రసంగం చేసి వచ్చారు. పాస్టర్లకి రైల్లో సగం చార్జీ కాబట్టి సరిపోయింది, ఒక ఊరివాళ్లు అదీ ఇవ్వలేదు. ఆ నెలల్లో ఆవిడ రాత చిన్నదైపోయింది, గడి సగం కూడా నిండదు. ఆగస్టు ఆఖరున ఉత్తరం వచ్చింది, 700 డాలర్లు, ఇల్లు. పండ్ల సీసాలు పగలకుండా పీపాల్లో ఓట్స్ పోసి వాటి మధ్య పెట్టింది, అక్కడికి చేరాక ఆ ఓట్స్ గుర్రానికి పెట్టారు.

రెండో పుస్తకం, 1915 నుంచి 1919 వరకు, నేను చాలా త్వరగా పూర్తి చేశాను. రాత అలవాటైపోయింది. ఆవిడకీ కొంత మంచి రోజులు. 1916 నాటికి మోడల్ టి కారు ధర 360 డాలర్లకి దిగింది. వీళ్లు 1917లో పాతది కొన్నారు. పాస్టర్‌కి కారెందుకని గొణిగినవాళ్లే, గుర్రం బండి మీద వచ్చినన్నాళ్లూ ఆలస్యంగా వస్తారని గొణిగారట.

1918 గడులు మాత్రం బరువుగా ఉన్నాయి. మనిషికి నెలకి రెండు పౌండ్ల చక్కెర, సీసాల్లో పళ్లు పెట్టడానికి జొన్నపానకం వాడింది. మే 23న అయోవా గవర్నర్ హార్డింగ్ ఒక ప్రకటన చేశాడు, బడిలో, చర్చిలో, రైల్లో, ఫోన్లో, బహిరంగంగా ఎక్కడా ఇంగ్లీషు తప్ప వేరే భాష మాట్లాడకూడదని. పక్క ఊరి జర్మన్ లూథరన్ పాస్టర్ వీళ్లింటికి వచ్చి కూర్చున్నాడట. ‘ఆయన భార్యకి ఇంగ్లీషు రాదు, ఇక చర్చికి రానంటోంది. కాఫీ ఇచ్చాను.’ నేను ఆ రోజు ఇంటికి వెళ్తూ దార్లో ఆగి, సరుకుల కొట్లో ఎప్పట్లాగే అమ్మతో గట్టిగా తెలుగులో మాట్లాడాను. ఒకాయన తలతిప్పి చూశాడు. మామూలుగా అయితే పట్టించుకోను.

అక్టోబర్లో ఇన్‌ఫ్లుయెంజా. చర్చిలు మూసేశారు. ఆరాధన లేకపోతే కానుక పళ్లెం లేదు, పళ్లెం లేకపోతే ఆ నెల జీతం లేదు. భూస్థాపనలు మాత్రం ఉన్నాయి, వాటికి డబ్బు తీసుకోరు. గిన్నెలో సూప్ గడప మీద పెట్టి, తలుపు కొట్టి, వెనక్కి వచ్చేసేది.

1919 ఏప్రిల్‌లో పాస్టర్ పరిచర్య మానేసి ఇన్సూరెన్స్ ఏజెంటుగా చేరారు. మా ఆయనా ఇన్సూరెన్స్ కంపెనీలోనే. డెమోయిన్‌లో సగం తెలుగువాళ్లు అంతే, నవ్వొచ్చింది. ఆ మార్పు గురించి ఉత్తరాల్లో పాస్టర్ చాలా బాధపడ్డారు, పిలుపు గురించి, దేవుడి చిత్తం గురించి. డైరీలో ఆవిడ రాసింది: ‘నెలనెలా జీతం. డబ్బుగానే.’ అది చదివి నేను ఆవిడ పక్షం అయిపోయాను. ఆయన మంచివారు కాదని కాదు. ఆయన బోధించింది ఈవిడ కోళ్ల మీద నిలబడిందని ఆయనకి తెలుసో లేదో, ఉత్తరాల్లో ఎక్కడా కనిపించలేదు.

టైపు చేసినదంతా ఇద్దరు పరిశీలకులు చూస్తారు. పంపాక దాదాపు నెలన్నర ఆగాల్సి వచ్చింది. చాలా ప్రశ్నలు ఆ కాలపు సరుకుల పేర్ల గురించే. ఒక ప్రశ్న మాత్రం ఇంకా తేలలేదు. 1914లో మొదటి సంఘం నుంచి వెళ్లిపోయేటప్పుడు కోశాధికారి పుస్తకంలో ‘మొత్తం చెల్లించాం’ అని ఉంది. ఆవిడ పుస్తకంలో ‘రావలసింది 61 డాలర్లు’ అని ఉంది, 1915లో మళ్లీ రాసింది, 1916లో కూడా. పరిచయ వ్యాసంలో ఏది వేయాలని అడిగారు. రెండూ వేయమన్నాను, ఆవిడది ముందు వేయమన్నాను. ఆ సంఘం ఇప్పటికీ ఉంది కాబట్టి వాళ్లు ఆలోచిస్తున్నారు.

చేయాలనుకునేవాళ్లకి: ఫారాలు మళ్లీ జనవరిలో తీసుకుంటారు. పెట్టెలో ఏముందో ముందు జాబితా అడిగి చూసుకోండి, చావులు ఎక్కువున్నవి వద్దంటే వేరేది ఇస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. ఇంగ్లీషు గొప్పగా రానక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. శాలువా మర్చిపోకండి.